వెనకాల వచ్చే బస్సు

ఏటా ఒక ఆదివారం పొద్దున్నే ఊళ్లో వేలమంది రోడ్డెక్కి పరిగెడతారు. వాళ్ల గురించి పేపర్లు రాస్తాయి, ఫొటోలు వేస్తాయి. వాళ్ల వెనకాల నడక వేగంతో ఒక సిటీ బస్సు వస్తుందని మాత్రం ఎవరూ రాయరు. ఇక నావల్ల కాదు బాబోయ్ అని చతికిలబడ్డవాళ్లని ఎక్కించుకునే బస్సు అది. గెలిచినవాడికి చప్పట్లు కొట్టేవాళ్లు బోలెడుమంది ఉంటారు. ఓడినవాడికి సీటు చూపించేవాడు ఒక్కడైనా ఉండాలిగా. చాలా ఏళ్లపాటు ఆ ఒక్కడు నిదానం గారే.

నిదానం అన్నది ఆయన అసలు పేరు కాదు. జనం దిగేటప్పుడు "నిదానం, నిదానం" అంటూ, ఆఖరి మనిషి ఆఖరి కాలు నేలకి ఆనేదాకా బస్సు కదిలించడు. దాంతో డిపోలో ఆ పేరు ఖాయమైపోయింది. ఆలస్యం అమృతం విషం అనే ఆఫీసర్లు ఆయన్ని చూసి పళ్లు నూరేవాళ్లు. కానీ ఆయన బస్సు దిగుతూ కాలు బెణికిందన్నవాళ్లు కూడా లేరు కాబట్టి నోరు మూసుకునేవాళ్లు.

ఆ ఆదివారం బస్సుకి ఆయన కొన్ని పద్ధతులు పెట్టాడు. హారన్ కొట్టకూడదు. వెనకబడ్డవాడి పక్కకి బండి తెచ్చి, తలుపు తీసి ఊరుకోవాలి. ఎక్కమనకూడదు, వద్దనకూడదు. ఎక్కినవాళ్లు మొదట బూట్లని తిడతారు, తర్వాత ఎండని తిడతారు, ఆ తర్వాత ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంటారు. అందుకని సీట్లు కనిపించే అద్దాన్ని ఆయన బస్సు టాపు వైపుకి ఎత్తేసేవాడు. ఏడ్చేవాళ్లని చూస్తూ బండి నడపడం మర్యాద కాదని ఆయన అభిప్రాయం. ఇంతపాటి మర్యాద తెలిసినవాళ్లు ఊళ్లో ఎంతమంది ఉన్నారో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పండి చూద్దాం.

అలాంటి మనిషి ఈసారి ఆ బస్సుకి ముందు, నిక్కరూ బూట్లూ వేసుకుని, ఛాతీ మీద నంబరు కాగితం గుచ్చుకుని నిలబడ్డాడు. అది కూడా గుండెలో స్టెంటు పెట్టుకుని. పిచ్చి పట్టిందా అని డిపోలో సగంమంది అన్నారు. పిచ్చి కాదు, పంతం. ఆ పంతం ఆయన ఒక్కడిదీ కాదు.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆయన బస్సు జనంతో కిటకిటలాడుతూ మార్కెట్ వీధి దాటింది. ఆ బస్సులోనే, ముందు సీట్లో, కూరల సంచీ ఒళ్లో పెట్టుకుని ఆయన భార్య కూర్చుని ఉంది. ఉన్నట్టుండి అద్దంలో మొగుడి ముఖం చూసింది. బూడిద పూసినట్టుంది. ఆవిడ లేచి నిలబడేలోపే ఆయన బస్సుని స్టాపులోకి తెచ్చి ఆపాడు, హ్యాండ్ బ్రేక్ లాగాడు, తలుపులు తీశాడు, అప్పుడు స్టీరింగ్ మీదకి వాలిపోయాడు. ఒక్క ప్రాణికీ గీత పడలేదు. ఆయన్ని మెచ్చుకోని మనిషి లేడు. ఆవిడకి ఆ మెచ్చుకోళ్లు దేనికి? చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా తగిలిన మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆవిడ.

ఆయన బతికి ఇంటికొచ్చాడు. ఆవిడ మాత్రం ఆ రోజు నుంచి గుండె గుప్పెట్లో పెట్టుకునే బతుకుతోంది. మళ్లీ ఏ బస్సూ ఎక్కలేదు. ఎంత దూరమైనా నడిచే వెళ్లేది. ఆయన్ని స్నానాల గది గడియ పెట్టుకోనిచ్చేది కాదు. కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఆయనకి మెలకువ వచ్చి కళ్లు తెరిస్తే, "ఏం లేదు, దోమ" అనేది. ఆ ఇంట్లో దోమలు లేవని ఇద్దరికీ తెలుసు.

డిపోలో ఆయన్ని డ్రైవింగ్ నుంచి తప్పించి, బస్సుల్లో జనం మర్చిపోయిన సామాన్లు భద్రపరిచే గదిలో కూర్చోబెట్టారు. గోడ పొడుగునా ఇనుప అరలు. ఒక అర నిండా గొడుగులు, ఒక అరలో భోజనం డబ్బాలు, ఇంకో అరలో కళ్లజోళ్లు, ఒంటి చెప్పులు, ఒక ఊతకర్ర. గాజు సీసాలో ఒక కట్టుడు పళ్ల సెట్టు కూడా ఉంది. అది మర్చిపోయిన మహానుభావుడు ఎవరో, ఆ పూట భోజనం ఎలా చేశాడో! ఆయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాటి దుమ్ము దులుపుతూ కూర్చునేవాడు. కిటికీ అవతల బస్సులు ఒక్కొక్కటే గేటు దాటేవి. తల ఎత్తకుండానే, ఇంజన్ చప్పుడుని బట్టి, ఏ బండి పోతోందో చెప్పేవాడు. తన పాత బండి పోతున్నప్పుడు మాత్రం దులపడం ఆపేవాడు.

ఈ ఏడాది పరీక్షలన్నీ చేసి, గుండె భేషుగ్గా ఉంది, బస్సు నడుపుకోవచ్చు అని డాక్టరు రాసిచ్చాడు. డిపో మేనేజరు కూడా ఎప్పుడు రమ్మంటే అప్పుడు రండి అన్నాడు. అడ్డుపుల్ల ఇంట్లోనే పడింది.

"డాక్టరు ఒప్పుకున్నాడే," అన్నాడాయన.

"డాక్టరు చూసింది మీ రిపోర్టుల్ని. నేను చూసింది మీ ముఖాన్ని."

"అయితే రిటైరయ్యేదాకా ఇలా గొడుగులు తుడుచుకుంటూ కూర్చోనా?"

"తుడవండి. గొడుగులు తుడిచి పోయినవాళ్లు ఎవరూ లేరు."

ఈ సంవాదం ఎన్ని పూటలు నడిచిందో చెప్పలేం. ఒక రోజు ఆవిడ తమ్ముడు భోజనానికి వచ్చాడు. అతనూ అదే డిపోలో డ్రైవరు. బావ మంచం పట్టాక ఆ ఆదివారం బస్సు అతని చేతికే వచ్చింది. బావల్ని ఆటపట్టించడానికే బావమరుదులు పుడతారేమో, అతను ముద్ద మింగుతూ ఊరుకోకుండా, "పోనీ బావా, ఈసారి నువ్వే పరిగెత్తరాదూ? సగం మారథాన్ ఉంటుందిగా. ఇరవయ్యొక్క కిలోమీటర్లు పరిగెత్తినవాడు కూర్చుని చక్రం తిప్పలేడా ఏం అక్కా?" అన్నాడు.

అక్కకి ముక్కు మీదే ఉంటుంది కోపం. "సరే, పరిగెత్తమను. నీ బస్సు ఎక్కకుండా, తన కాళ్ల మీద తను చివరిదాకా వస్తే డ్యూటీకి నేనే పంపిస్తా. ఎక్కాడో, ఇక జన్మలో ఈ ఇంట్లో డ్రైవింగ్ మాట ఎత్తకూడదు," అంది.

ఆయన కంచంలోంచి తల ఎత్తి, "మాట మీద ఉంటావా?" అన్నాడు.

అంతే. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనుషులు ఇద్దరూ. నోరు జారానని ఆవిడకి ఆ రాత్రే తెలిసింది. "పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలని పెద్దలు ఊరికే అన్లేదండీ," అని బతిమాలింది. "నాకు పాలూ వద్దు, నీళ్లూ వద్దు, నా సీటు కావాలి," అన్నాడాయన.

డాక్టరుని అడిగితే, నెమ్మదిగా మొదలుపెట్టి నెలల తరబడి పెంచుకుంటూ పొమ్మన్నాడు, ఛాతీలో ఏ కొంచెం తేడా అనిపించినా ఆగిపొమ్మన్నాడు. ఆయన డిపో ఆవరణలోనే సాధన మొదలుపెట్టాడు. నిలిపి ఉంచిన బస్సుల వరసల మధ్య, డీజిల్ మరకల మీదుగా, గానుగెద్దులా తిరిగేవాడు. మెకానిక్కులు గ్రీజు చేతులు తుడుచుకుంటూ, "బండి పాతదేగానీ పొగ రావడం లేదు గురూ గారూ!" అని అరిచేవాళ్లు. ఆవిడ ఒక పాత టైరు మీద కూర్చుని, మాత్రల డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఆయన ఏ బస్సు వెనకాల మాయమై ఎక్కడ తేలతాడా అని చూస్తూ ఉండేది. మొదట్లో ఒక చుట్టుకే రొప్పేవాడు. పోనుపోను ఆవిడకి కూర్చుని కూర్చుని నడుం నొప్పి వచ్చింది గానీ ఆయన ఆగేవాడు కాదు.

పరుగు రోజు వచ్చింది. తెల్లవారుతుండగా రోడ్డు నిండా జనం. మోకాళ్లకి మందు రాసుకునేవాళ్లు, బూట్ల తాళ్లు విప్పి మళ్లీ కట్టుకునేవాళ్లు, సెల్ఫీలు తీసుకునేవాళ్లు. ఎప్పుడూ డ్రైవరు సీట్లోంచి వాళ్ల వీపులు చూసిన మనిషికి ముఖాలు చూడటం కొత్త. అందరి ముఖాల్లోనూ భయం ఉంది. అది చూసి ఆయనకి ధైర్యం వచ్చింది. "నేను చివర్లో ఉంటాను, వెళ్లండి," అని భార్య పంపించేసింది.

ఈల వెయ్యగానే కుర్రకారు కాలు కాలిన పిల్లుల్లా ఉరికారు. ఆరంభశూరత్వం అంటే ఏమిటో చూడాలనుకునేవాళ్లు పుస్తకాలు చదవక్కర్లేదు, మారథాన్ మొదలయ్యేచోట నిలబడితే చాలు. నిదానం గారు పేరు నిలబెట్టుకుంటూ వెనకగా, ఒక పద్ధతిగా కదిలాడు. పక్కనే పరిగెడుతున్న ఒకావిడ ఆయన వైపు ఎగాదిగా చూసింది.

"మీరు ఆ బస్సు డ్రైవరు గారు కదూ? ఆ మధ్య ఒక ఏడాది నేను మీ బస్సెక్కానండి. ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాను. మీరు అద్దం పైకెత్తేశారు."

"అలాగామ్మా? నేను చూళ్లేదు," అన్నాడాయన. నిజంగానే చూడలేదు కదా.

ఆవిడ పళ్ల డాక్టరు. రోజంతా వంగి పరాయివాళ్ల నోళ్లలోకి చూసీ చూసీ మెడ పట్టేస్తే, తలెత్తుకుని చేసే పని ఏదైనా ఉందా అని వెతుక్కుని పరుగు మొదలుపెట్టిందట. బస్సెక్కిన మర్నాడు బూట్లు అటకెక్కించేసిందట, వారం తిరక్కుండా దింపేసిందట. "ఎక్కినందుకు సిగ్గుపడలేదు గానీ, ఎక్కాక మిగిలిన దారి కిటికీలోంచి చూడటం ఉంది చూశారూ, అది కష్టం," అంది.

ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ చక్కగా పోతున్నారు. ఇంతలో మొదటి కూడలి వచ్చింది. నిదానం గారు టక్కున ఆగిపోయాడు. వెనకాల వస్తున్న లావుపాటి పెద్దమనిషి వచ్చి ఆయన వీపుకి గుద్దుకున్నాడు.

"ఏమైందండీ? నొప్పా?" అని కంగారుగా వెనక్కి వచ్చింది పళ్ల డాక్టరు.

ఆయన చెయ్యెత్తి పైకి చూపించాడు. ఎర్ర లైటు వెలుగుతోంది. ఆ రోజు ఆ రోడ్డు మీదకి సైకిల్‌ని కూడా రానివ్వలేదు. కానీ దీపాలు ఆర్పడం ఎవరికీ తోచలేదు, వాటి పాటికి అవి ఎరుపూ పచ్చా మారుతున్నాయి.

"మనకి సిగ్నల్ లేదండీ!" అని ఆవిడ పడీపడీ నవ్వింది.

"తెలుసమ్మా. నేను ఆగలేదు, కాలు ఆగింది," అన్నాడు పాపం.

జన్మంతా ఎర్ర దీపానికి బ్రేకు తొక్కిన కాలు అది. డిపో ఆవరణలో సిగ్నళ్లు లేవు కాబట్టి ఈ రోగం సాధనలో బయటపడలేదు. రెండో కూడలిలోనూ అదే తంతు. మూడోచోట కళ్లు నేలకి దించుకుని దాటబోయాడు. ఎదురుగా ఉన్న పోలీసాయన ముక్కున వేలేసుకునేలా తెల్లగీత మీద మళ్లీ నిలబడిపోయాడు. అంతటితో ఆగిందా? బస్ స్టాపు కనపడితే చాలు, వేగం తగ్గిపోయి కాళ్లు ఎడం పక్కకి లాగేవి. ఆగి మళ్లీ కదిలిన ప్రతిసారీ మోకాళ్లు మొరాయించేవి. పరిగెత్తేవాళ్లకి తెలుసు, పరుగు కన్నా ఆగి మళ్లీ ఎత్తుకోవడం నరకం. పళ్ల డాక్టరు చాలాదూరం ఆయనకోసం ఆగుతూ వచ్చింది. ఆఖరికి ఆయనే, "నువ్వెళ్లు తల్లీ. నాతో ఉంటే నిన్ను మళ్లీ బస్సెక్కిస్తాను," అని తరిమాడు.

ఎండెక్కింది. నీళ్ల బల్లల దగ్గర తొక్కేసిన కాగితం కప్పులు, అరటితొక్కలు. ఆయన ఒక్కడూ అయిపోయాడు. ఫ్లైఓవర్ ఎక్కేచోట, అడుగు తీసి అడుగు వేస్తుంటే ఎవరో తొడల్లో మేకులు దిగ్గొడుతున్నట్టుంది. సరిగ్గా అప్పుడు వెనకనుంచి ఆ చప్పుడు వినిపించింది. మొదటి గేరులో మూలుగుతున్న ఇంజను. వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. అది ఆయన పాత బండే.

హారన్ మోగలేదు. బస్సు పక్కకి వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. బావమరిది రోడ్డు కేసే చూస్తూ, ఎక్కమనకుండా, వద్దనకుండా కూర్చున్నాడు. ఆ పద్ధతి పెట్టినవాడికే ఆ నిశ్శబ్దం ఎంత బరువో అప్పుడు తెలిసొచ్చింది. ఆయన చెయ్యి దానంతటదే వెళ్లి తలుపు దగ్గర కమ్మీ పట్టుకుంది. తల ఎత్తాడు. ముందు సీట్లో, మాత్రల డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఆయన భార్య.

రెండేళ్లుగా బస్సు మెట్టు తొక్కని మనిషి. చివర్లో ఉంటానంటే పరుగు చివర్లోనేమో అనుకున్నాడాయన. ఎలాగూ ఈ బస్సు దగ్గరికే వస్తాడుగా అని పొద్దున్నే ఎక్కి కూర్చుందట. తర్వాత బావమరిది చెప్పాడు, బండి కదిలినప్పుడు అక్క సీటు కమ్మీ పట్టుకున్న పట్టుకి వేళ్లు తెల్లబడిపోయాయని.

ఆవిడ లేచి మెట్టు దగ్గరికి వచ్చి వంగింది. "ఛాతీలో ఏమైనా ఉందా?"

"లేదే."

"ఎడం చెయ్యి లాగుతోందా?"

"లేదు."

"మరి ఏంటి?"

"కాళ్లు. మోకాళ్లు. ఒళ్లంతా."

"ఎక్కుతారా?"

"అక్కా, అలా అడక్కూడదు. బావ పెట్టిన రూలు," అన్నాడు తమ్ముడు.

"నువ్వు నోర్మూసుకుని రోడ్డు చూడు."

అబద్ధం ఎందుకు, ఆయనకి ఎక్కాలనే ఉంది. ప్రాణం ఆ సీటు కోసం కొట్టుకుంటోంది. ఎక్కితే ఇక గొడుగుల గదే. ఎక్కకపోతే పైన ఫ్లైఓవర్ కొండలా నిలబడి ఉంది. కమ్మీ వదల్లేడు, కాలు మెట్టు మీద పెట్టలేడు.

ఆవిడ చెయ్యి చాపి ఆయన నుదురు మీద వేసింది. చెమటతో తడిసి, పెనంలా కాలుతోంది. ఆ చెయ్యి అక్కడే ఉంచి ముఖంలోకి చూసింది. ఎర్రగా కందిపోయి, రొప్పుతూ, చిన్నపిల్లాడిలా ఉక్రోషంతో ఉడికిపోతున్న ముఖం. రెండేళ్లుగా ఆవిడ ఎప్పుడు కళ్లు మూసుకున్నా కనిపించే ముఖం ఇది కాదు.

"చెయ్యి తియ్యండి," అంది.

ఆయనకి అర్థం కాలేదు.

"తియ్యండి, వేళ్లు నలుగుతాయి." తమ్ముడి వైపు తిరిగింది. "తలుపు వెయ్యరా."

తలుపు మూసుకుంది. బస్సు కదిలి ముందుకి పోయింది. దాని వేగం దానికి రాసిపెట్టి ఉంది, ఎవరి బావ కోసమూ ఆగదు. దాని వెనకాలే రోడ్డు మామూలు బళ్లకి తెరిచేశారు. నిదానం గారు ఫుట్‌పాత్ ఎక్కి నిలబడ్డాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూస్తుందని ఎదురుచూశాడు. తిరగలేదు. స్నానాల గది తలుపు కూడా వేసుకోనివ్వని మనిషి, ఆయన్ని నడిరోడ్డు మీద ఒంటరిగా వదిలేసి, తల తిప్పకుండా వెళ్లిపోయింది. ఎందుకలా అని తర్వాత అడిగితే, "చూస్తే దిగిపోయేదాన్ని," అంది.

ఆయనకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నడిచాడు, దిగుడు వచ్చాక పరిగెత్తాడు, మళ్లీ నడిచాడు. దుకాణాల షట్టర్లు లేస్తున్నాయి. మెట్లు కడుగుతున్న ఒకాయన చీపురు ఆపి, "అంతా అయిపోయిందిగా బాబూ, ఇంకా ఎవరి కోసం?" అన్నాడు.

"నాకు అవ్వలేదండీ," అన్నాడు నిదానం గారు.

ఆయన చేరేసరికి గాలితో నింపిన స్వాగత ద్వారం కూలబడి నేలమీద మడతలు పడి ఉంది. పతకాలిచ్చే బల్ల ఎత్తేశారు. పళ్ల డాక్టరు మాత్రం మెడలో పతకంతో, చేతిలో ఒక అరటిపండుతో నిలబడి ఉంది. ఆయన్ని చూడగానే చప్పట్లు కొట్టింది. సామాను సర్దుతున్న కుర్రాళ్లు ఎందుకో తెలియకుండానే వాళ్లూ కొట్టారు. రోడ్డు మీద చెరిగిపోతున్న సున్నం గీత దాటి, ఆయన ఆ మడతల ద్వారం పక్కనే కూలబడ్డాడు.

ఆవిడ వచ్చి పక్కన చతికిలబడింది. మాత్ర ఇచ్చింది, నీళ్లిచ్చింది, ఆయన బూట్ల తాళ్లు విప్పింది. పాదాల మీద బొబ్బలు చూసి, "సిగ్నల్ దగ్గర ఆగారట! ఊరంతా నవ్వుతోంది," అంది. అంటూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆయన ఏదో అనబోయాడు. ఆవిడ వినిపించుకోకుండా తమ్ముణ్ణి కేకేసింది.

"ఒరేయ్, ఈ బొబ్బలు తగ్గాక మీ బావకి ఏ షిఫ్టు వేస్తారో కనుక్కుని చెప్పు. పొద్దుటిదైతే నేను పెందలాడే లేచి వంట చెయ్యాలి."